చిక్కుడు పాదెక్కిన గుర్తుకర్రలు

ఆ రోజు తెల్లారేసరికి ఆకాశం పిండకుండా ఆరేసిన గుడ్డలా ఉంది. మబ్బూ కాదు, ఎండా కాదు. సముద్రం మీద తెల్లటి ఆవిరి పరుచుకుని, నీళ్ళెక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గాలి లేదు. చిక్కుడాకు కదలడం లేదు.

నేను పాదులకి నీళ్ళు పెడుతున్నాను.

ఇసుక దిబ్బ మీంచి ఒకమ్మాయి మా చేలోకి దిగింది. దాన్ని నడక అనకూడదు, దండయాత్ర అనాలి. చేతిలో రెండు కొలతల టేపులు. టోపీ వెనక్కి జారి, నుదుటి మీద జుట్టు చెమటకి అతుక్కుని ఉంది.

ఎవరో నాకు తెలుసు. రేవులో పడవ కెప్టెన్ పాండెలీస్ కూతురు, మిర్తో. రెండు వేసవులుగా రోజూ పొద్దున్నే మా చేను పక్క నుంచే తీరానికి వెళ్తుంది, తాబేళ్ళ గూళ్ళు చూసుకోవడానికి. ఒక్కసారీ మాట్లాడుకోలేదు. మేం గడ్డ మీది రైతులం, వాళ్ళు రేవు వాళ్ళు. మేం వాళ్ళని ఉప్పు బుర్రలంటాం. వాళ్ళు మమ్మల్ని మట్టి బెడ్డలంటారు. పెళ్ళికో చావుకో తప్ప ఒకరి గుమ్మం ఒకరు తొక్కం.

“ఏవండీ! ఆ కర్రలెవరివి?”

నేను పాదుల వైపు చూశాను. “చిక్కుళ్ళవి.”

“కాదు, నావి!”

“చిక్కుళ్ళా?”

“కర్రలండీ, కర్రలు! ఆ నీలం రంగు చూడండి చివర. నా చేత్తో పూశాను. మీరు పీకారా?”

నేను తల అడ్డంగా ఊపాను.

“మరి వాటంతటవే నడిచొచ్చి మీ పాదుల్లో దిగబడ్డాయా? మాట్లాడరేం? మాట్లాడితే పన్ను కట్టాలా మీ గడ్డ మీద?”

ఇంతలో మా నాయనమ్మ దియమాంతో ఇంట్లోంచి వచ్చింది. తలకి నల్ల గుడ్డ, చేతిలో బుట్ట.

“ఏమే పిల్లా, పొద్దున్నే మా లాంబ్రోస్ మీద కేకలేస్తున్నావు? వాడు పలకడు. నేను ఇరవై ఏళ్ళుగా వేస్తున్నాను, దండగ.”

“అవ్వా, ఈ కర్రలు తీరం నుంచి తెచ్చావా?”

“తెచ్చాను. ఎవరో పారేసి పోయారు.”

“పారేసినవి ఇసుకలో నిలబడి ఉంటాయా అవ్వా?”

“ఈ కాలం వాళ్ళు చెత్త కూడా నిలబెట్టే పారేస్తారు, నాకేం తెలుసు?”

మిర్తో రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. “అవి గుర్తుకర్రలు. ఆ కింద తాబేలు గుడ్లున్నాయి. ఇవాళో రేపో పిల్లలు లేస్తాయి. జ్వరమొచ్చి నాలుగు రోజులు ఇటు రాలేదు, ఇప్పుడా గూడెక్కడుందో నాకు తెలియదు!”

నాయనమ్మ ముఖం కాస్త మారింది. కానీ ఒప్పుకోవడం ఆమె ఒంట్లో లేదు. ఒక కర్రని వేలితో టకటకా కొట్టింది.

“విను. జనవరిలో చంద్రుడు తరిగే రోజుల్లో కోసిన రెల్లు ఇది. అలా కోస్తేనే పురుగు పట్టదు. కణుపు కింద ఏటవాలుగా ఒక్కటే వేటు. ఈ కోత ఊళ్ళో ఒక్కడిదే. వాడికి నేర్పింది నేనే, వాళ్ళమ్మతో కలిసి ఏట్లో రెల్లు కోసేటప్పుడు. పాండెలీస్ కర్రలు కదా అనే తెచ్చాను. వాడి సొత్తు నేను తీసుకుంటే దొంగతనం కాదు.”

“ఇవి మా నాన్నవి కావు. తాబేళ్ళ ఆఫీసు వాళ్ళు పంపించారు. శీతాకాలంలో మా గుమ్మం ముందు కట్ట పెట్టి వెళ్ళారు.”

“ఆఫీసు వాళ్ళు! వాళ్ళకి చంద్రుడు తరిగేదీ పెరిగేదీ తెలుసా?”

మిర్తో వంగి ఒక కర్ర మొదలు చూసింది. ఇంకోటి చూసింది. మూడో దాని దగ్గర ఆగిపోయి, కోసిన చోటు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తీయలేదు. అంత కోపం ఎటు పోయిందో తెలియలేదు.

“సరే, పీకేసుకుని వెళ్తాను” అంది చివరికి.

“తీగలు?” అంది నాయనమ్మ. “చంటిపిల్లలు మెడ పట్టుకున్నట్టు పట్టుకున్నాయి. లాగితే తెగి చస్తాయి. నీకు తాబేళ్ళెంతో నాకు చిక్కుళ్ళంత.”

నేను కొట్టంలోకి వెళ్ళి మా పాత కర్రలు తెచ్చాను. పక్కన పాతాను. ఒక తీగ కొస పట్టుకుని, అది చుట్టుకున్న దారినే వెనక్కి తిప్పి విప్పాను. కొత్త కర్రకి చుట్టాను.

మిర్తో చూసింది. రెండో పాదు దగ్గర కూర్చుంది.

“అటు కాదు” అన్నాను.

“ఎటు?”

చూపించాను. వేళ్ళు తగిలాయి. తీగ తప్ప ఇంకేమీ చూడకుండా ఇద్దరం చాలా శ్రద్ధగా పని చేశాం.

కాసేపటికి తనే మొదలుపెట్టింది. “గూటి దగ్గర కర్రలు పెట్టి ఊరుకోం. వెనక దిబ్బ మీద రెండు పాతి, వాటి నుంచి గూటికి ఎంత దూరమో కొలుచుకుంటాం. ముందరివి పోయినా వెనకవి చెబుతాయని. మీ నాయనమ్మ ముందరివీ వెనకవీ కూడా ఊడ్చేసింది.”

“ఫోనులో గుర్తు పెట్టుకోలేదా?”

“ఓహో, మాటలొచ్చే! పెట్టాను. ఆ గుర్తు అటూ ఇటూ నాలుగంగలు తప్పుతుంది. నాలుగంగల మేర బంగాళాదుంపలు తవ్వినట్టు తవ్వనా?” తీగని జాగ్రత్తగా కొత్త కర్రకి ఆనించింది. “సరిగ్గా అక్కడే మరియమ్మ తల్లి పండగకి వేదిక వేస్తారు. అది పడితే పిల్లలు కిందే ఊపిరాడక పోతాయి. పండగ నాడు ఆఫీసు నుంచి అరెటీ గారు వస్తున్నారు. ఏడాది పొడుగునా ఉండే ఉద్యోగం ఈ తీరానికి ఒక్కటే ఇచ్చారు. పట్నం నుంచి కూడా వస్తున్నారు దానికోసం. ఉన్న గూడు పోగొట్టుకున్న దాన్ని నన్నెందుకు తీసుకుంటారు?”

“మీ నాన్న ఏమంటారు?”

“ఏమీ అనరు. అదే బాధ. తాబేళ్ళు వలలు చింపుతాయి కదా. పాండెలీస్ వల అల్లుతుంటే కూతురు వల చింపేవాటికి కాపలా కాస్తోందని రేవులో నవ్వుతారు. నాన్న వింటూ కూర్చుంటారు, అంతే.” ఇంకో తీగ విప్పింది. “చిన్నప్పుడు ఒకసారి నాన్న వలలో పెద్ద తాబేలు పడింది. కదల్లేదు. చచ్చిందన్నారు అందరూ. నేను దాని మీద తడి గోనెపట్టా కప్పి, పక్కనే కూర్చున్నాను. సాయంత్రం దాకా. రేవుకొచ్చే ముందు అది ఒక్కసారి బుస్సుమని ఊపిరి తీసింది. నా ముఖం మీదే. కుళ్ళిన చేప వాసన! ఆ రోజే నాకు ఉద్యోగం దొరికింది లాంబ్రోస్. దానికి పేరూ జీతమూ దొరకడానికే ఇన్నేళ్ళు పట్టింది.”

నా పేరు తన నోట వినడం అదే మొదటిసారి. తీగ ఒకటి నా చేతిలో తెగింది.

“జాగ్రత్త” అంది మిర్తో. నవ్వు దాచుకోలేదు.

*

ఆఖరి తీగ విప్పేసరికి ఆవిరి విడిపోయి ఎండ కాస్తోంది. మిర్తో కర్రల కట్ట భుజాన వేసుకుంది. నాయనమ్మ కూడా బయల్దేరింది, ఎవరూ పిలవకుండానే.

“ఆ కర్రలెక్కడ పీకావో గుర్తుందా అవ్వా?”

“ఇసుకలో గుర్తేముంటుంది? మరియమ్మ తల్లి పటానికి లిల్లీలు కోసుకుంటున్నాను. పక్కనే ఉన్నాయి, పీకాను.”

“దిబ్బ మీద లిల్లీలు కోశావా? అవి కోయకూడదవ్వా!”

“మరియమ్మ తల్లికి కూడానా?”

“ఎవరికైనా సరే.”

“అయితే ఆవిడకి చెప్పు. పటం ముందు నిలబడి, అమ్మా నీకు ఈ ఏడు పువ్వులు లేవు, తాబేళ్ళ ఆఫీసు ఒప్పుకోలేదు అని చెప్పు.”

మిర్తో గబుక్కున నాయనమ్మ వైపు తిరిగింది. “అవ్వా, చేత్తో తుంపావా, కత్తెరతో కోశావా?”

“కత్తెరతో. తుంపితే పువ్వు వాడిపోదూ!”

మిర్తో దిబ్బ మీద మోకాళ్ళ మీద పడింది. లిల్లీల గుబుర్లు ఒక్కొక్కటీ చేత్తో విడదీసి చూసుకుంటూ పోయింది. కోసిన కాడలు దొరికాయి, కొసలు ఎండి గోధుమ రంగుకి తిరిగి. వాటి పక్క ఇసుకని అరచేత్తో నిమిరింది. ఒకచోట వేలు మెత్తగా లోపలికి దిగింది. కర్ర ఉండిన బెజ్జం. పైన గాలికి ఇసుక కప్పేసిందే గానీ లోపల బోలుగానే ఉంది. ఇంకో గుబురు దగ్గర రెండోది దొరికింది.

“అవ్వా, నీ కత్తెర చల్లగా ఉండాలి!”

“ఇందాకేగా కోయకూడదన్నావు?”

“ఇకమీదట కోయకు!”

రెండు కర్రలూ పాతి, తను రాసి పెట్టుకున్న దూరాల మేర టేపులు రెండూ లాగాం. ఒకటి తను పట్టుకుంది, ఒకటి నేను. రెండూ కలిసిన చోట తను మడమతో గుర్తు పెట్టింది.

నాయనమ్మ నీడకి కూర్చుని మా ఇద్దర్నీ చూస్తోంది. “ఒసే పిల్లా, నీకు తెలుసా? చిక్కుడుకి సాయంత్రం నీళ్ళు పెట్టాలి. ఊళ్ళో కోడిపిల్లకి కూడా తెలుసు. వీడు రెండేళ్ళుగా పొద్దున్నే పెడుతున్నాడు. సరిగ్గా నువ్వు పోయే వేళకి. ఆకులు మచ్చలొచ్చి చస్తున్నాయి.”

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను. ఎంత చుట్టినా అది అవలేదు.

“నిజమేనా?” అంది మిర్తో.

“మచ్చలు రాలేదు” అన్నాను.

తను ఏమనేదో గానీ, అప్పుడే లారీ హారను వినపడింది.

పలకలు వేసుకుని వేదిక లారీ తీరం దారిలో దిగుతోంది. ముందు ఊరి ప్రెసిడెంటు ఫోటిస్, వెనక పది మంది కుర్రాళ్ళు. మిర్తో వెళ్ళి లారీకి ఎదురుగా నిలబడింది.

“ఇక్కడ వేయడానికి లేదు, ఫోటిస్ గారూ. కింద గూడుంది.”

“అమ్మా మిర్తో, మా తాతల నాటి నుంచీ ఇక్కడే వేస్తున్నాం. నీ తాబేలు నోటీసేమైనా ఇచ్చిందా?”

కుర్రాళ్ళు నవ్వారు.

“మీ తాతల కంటే ముందు నుంచీ వస్తోంది అది. మీరే నోటీసివ్వాలి దానికి.”

“నిన్న చూస్తే ఇక్కడ కర్ర కూడా లేదే. ఇవాళ మొలిచిందా? సరే, తవ్వి చూపించు. గుడ్డు కనపడితే లారీ వెనక్కి తిప్పుతాను.”

“తవ్వను. నెలలు నిండిన గూడు. పందెం కోసం తెరవను.”

“చూపించవు, కదలవు. మేమెలా నమ్మాలి?”

అప్పటికి రేవు నుంచి జనం వచ్చారు. వాళ్ళలో పాండెలీస్ కూడా ఉన్నాడు. వల అల్లుతూ లేచి వచ్చినట్టున్నాడు, చేతిలో ఇంకా వలసూది ఉంది. మిర్తో ఆయన్ని చూసి ముఖం తిప్పుకుంది. తిడతాడనుకుంది కాబోలు. అందరూ అదే అనుకున్నారు.

“ఏం గొడవ?” అన్నాడు.

“నీ కూతురు ఇసుకలో ఏదో ఉందంటోంది కెప్టెన్. కనపడదట. నమ్మాలట.”

పాండెలీస్ గూటి గుర్తు వైపు చూశాడు. కర్రల వైపు చూశాడు. తర్వాత ఫోటిస్ వైపు.

“నీళ్ళ కింద చేప నాకెప్పుడైనా కనపడిందా ఫోటిస్? వల వేసే ముందు?”

“అది వేరు...”

“ఏం వేరు? నీ పెళ్ళి విందుకి చేప నేనే తెచ్చాను. కనపడకుండానే తెచ్చాను.” వలసూది జేబులో పెట్టుకున్నాడు. “నా కూతురు ఉందంటే ఉంది. లారీ వెనక్కి తియ్యి.”

ఎవరూ నవ్వలేదు. మిర్తో నేల వైపు చూస్తోంది.

“తీస్తాను. మరి వేదిక ఎక్కడ వేయను? నీ నెత్తి మీదా?” అన్నాడు ఫోటిస్.

“మా చేలో వేసుకోండి.”

అందరూ వెనక్కి తిరిగారు. ఎవరన్నారా అని నేనూ చూశాను. నేనే అన్నాను.

“పుచ్చకాయలు కోసేసిన మడి ఖాళీగా ఉంది. నేల గట్టిది. మోటారు దగ్గర కరెంటు ఉంది. దిబ్బ అడ్డం ఉంటుంది కాబట్టి దీపాల వెలుగు తీరం మీద పడదు. పిల్లలు వెలుగు చూసి దారి తప్పవు. రేవు వాళ్ళు కూడా రావచ్చు, మేం కరవం.”

నా జీవితంలో అంత పొడుగు మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. నాయనమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

లారీ వెనక్కి తిరిగింది. మిర్తో నా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా అంది: “ఇన్ని మాటలు ఎక్కడ దాచావు ఇన్నాళ్ళూ?”

*

ఆ తర్వాతి రోజులు బరువుగా నడిచాయి. గూడు ఉందని మిర్తో చెప్పింది. ఆమె మాట మీద పాండెలీస్ తన మాట పెట్టాడు. కానీ గుడ్డు ఎవరూ చూడలేదు. బెజ్జం వేరేదై ఉంటే? టేపు అటుది ఇటు పట్టుకుని ఉంటే? పొద్దున్నే తీరానికి వెళ్ళి చూస్తే ఇసుక నున్నగా ఉండేది.

రేవులో కుర్రాళ్ళు ఊరుకోలేదు. “కెప్టెన్, మనవలెప్పుడొస్తారు?” అనేవారు. పాండెలీస్ వల అల్లుకునేవాడు.

“తప్పు చోట పాతానేమో లాంబ్రోస్” అంది మిర్తో ఒక పొద్దున. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి. “ఉద్యోగం పోతే పోనీ. నాన్న ముఖం ఎలా చూడను?”

“బెజ్జం లోపల బోలుగా ఉంది. నేనూ చూశాను” అన్నాను.

“అంతేనా? ధైర్యం చెప్పవా?”

“అదే చెప్పాను.”

నవ్వింది. ఏడుపు కలిసిన నవ్వు.

పండగ పొద్దున చర్చిలో ప్రార్థన జరుగుతుండగానే వాన మొదలైంది. ఆగస్టులో మా దగ్గర వాన పడదు. పడితే అత్తవారింటికొచ్చిన కొత్త కోడలిలా సన్నగా, సిగ్గుగా పడుతుంది. పటం భుజాలకెత్తుకుని, పడవల్ని దీవించడానికి ఫాదర్ గారి వెనక ఊరంతా తీరానికి నడిచింది. ఆఫీసు అరెటీ గారు గొడుగు పట్టుకుని మాతో వచ్చారు.

మిర్తో మాత్రం ఊరేగింపు వదిలేసి పరిగెత్తింది. పండగ బట్టల్లో, చెప్పులు చేతిలో పట్టుకుని.

“ఇసుక చల్లబడింది!” అని నా వైపు అరిచింది పోతూ పోతూ. “చల్లబడితే పిల్లలు రాత్రనుకుని పైకొస్తాయి!”

నేనూ పరిగెత్తాను.

గుర్తు దగ్గర ఇసుక నున్నగానే ఉంది. మిర్తో మోకాళ్ళ మీద కూర్చుంది. వాన చినుకులు ఇసుకలో చిన్న చిన్న గుంటలు చేస్తున్నాయి. ఊరేగింపు వచ్చి ఆగింది. ఎవరో దగ్గారు.

అప్పుడు ఒక గుంట పెద్దదైంది. చినుకు చేసింది కాదు. ఇసుక లోపలికి కుంగింది, అన్నం ఉడికే ముందు కదిలినట్టు కదిలింది. నల్లటి ముక్కు ఒకటి బయటికొచ్చింది. దాని పక్క రెక్కలాంటి ముందుకాలు. ఆ రెక్క మీద ఇంకో ముక్కు. చూస్తుండగానే ఇసుక పొంగింది. తాబేలు పిల్లలు, అరచేతిలో పట్టేటంతవి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, పడుతూ, లేస్తూ సముద్రం వైపు పాకాయి.

“వెనక్కి! అందరూ వెనక్కి!” చేతులు చాచి జనాన్ని ఆపుతున్నది ఫోటిస్. “తొక్కితే ఊరుకోను! గొడుగు ముయ్యండి! ఓ ఫాదర్ గారూ, మీరు కూడా!”

పటం మోసేవాళ్ళు దారి ఇచ్చారు. ఊరు రెండుగా చీలి నిలబడింది. మధ్యలో తడి ఇసుక మీద ఆ పిల్లలు గీతలు గీసుకుంటూ పోతున్నాయి. సముద్రపు కాకులు పైన తిరిగితే, పాండెలీస్ టోపీ తీసి ఊపుతూ, ‘పోవే, పోవే’ అని గంతులేశాడు. రేవులో ఎవరూ ఆయన గంతులేయడం చూసి ఉండరు.

ఆఖరిది నీళ్ళలో కలిశాక అరెటీ గారు మిర్తో భుజం మీద చెయ్యి వేశారు. “సోమవారం ఆఫీసుకి రా అమ్మాయ్. యూనిఫాం కొలతలివ్వాలి.”

పాండెలీస్ దగ్గరకొచ్చాడు. వానకి కళ్ళు తుడుచుకున్నాడు.

“నాన్నా, ఆ కర్రలు కోసింది నువ్వే...”

“కర్రల సంగతి తర్వాత. రేవులో అడుగుతారు. నీ ఉద్యోగం పేరేమిటి?”

“సముద్ర తీర రక్షకురాలు.”

“సముద్ర తీర రక్షకురాలు” అన్నాడు మెల్లగా. ఇంకోసారి అనుకున్నాడు, నోరు తిరగడం కోసం. తర్వాత ఫోటిస్ దగ్గరికి నడిచాడు. ఫోటిస్ ఏమీ అడగలేదు. అయినా చెప్పాడు. చర్చి గంట కొట్టేవాడికి చెప్పాడు. పట్నం నుంచి చుట్టపు చూపుగా వచ్చిన ముసలమ్మకి చెప్పాడు.

మిర్తో నా దగ్గరకొచ్చింది. జుట్టు తడిసి బుగ్గలకి అతుక్కుంది. మోకాళ్ళ నిండా ఇసుక.

“ఊరంతా ఏదో ఒకటి అంది. నువ్వేమీ అనవా?”

“గర్వంగా ఉంది.”

“ఎవర్ని చూసి?”

“నిన్ను చూసి. నాకా హక్కు లేదనుకో.”

“హక్కు కావాలంటే అడగాలి.”

వాన ఇంకొంచెం పెద్దదైంది. ఊరు చూస్తోందని తెలుసు. నాయనమ్మ చూస్తోందని ఇంకా బాగా తెలుసు.

“అడుగుతున్నాను” అన్నాను.

మిర్తో నా చెయ్యి పట్టుకుంది. “మట్టి బెడ్డ” అంది. అంతే అంది.

*

మధ్యాహ్నం పాండెలీస్ నాయనమ్మనీ నన్నూ భోజనానికి పిలిచాడు. గడ్డ వాళ్ళు రేవు వాళ్ళ గుమ్మం ఎక్కడం, పెళ్ళీ చావూ లేకుండా, నాకు తెలిసి అదే మొదలు.

మరియమ్మ తల్లి ఉపవాసాలు ఆ రోజుతో తీరాయి. బల్ల మధ్య పెద్ద గిన్నెలో చేపల పులుసు, నిమ్మకాయ పిండిన వాసన. రొట్టె. కిటికీ అవతల వాన ఆగి, పడవల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

పాండెలీస్ నాకోసం కుర్చీ లాగాడు. మిర్తో పక్కది. గిన్నెలోంచి చేప తల పైకి తీశాడు. రేవు వాళ్ళు దాన్ని ఎవరికి పడితే వాళ్ళకి వడ్డించరని నాకు తెలుసు. అది తెచ్చి నా పళ్ళెంలో పెట్టి, తన చోట కూర్చున్నాడు.

చేప తల ఎలా తినాలో నాకు తెలియదు. దాని వైపు చూస్తూ కూర్చున్నాను. మిర్తో తన ఫోర్కు చాచి, చెంప దగ్గర మెత్తటి కండ వేరు చేసి, నా రొట్టె ముక్క మీద పెట్టింది.

నాయనమ్మ చూసింది. తన పళ్ళెం కూడా ముందుకి జరిపింది.

అందరం తిన్నాం.